ఆరో ఇన్నింగ్స్ తర్వాతి రాత

లేక్‌పోర్ట్, ఒహాయో
1996 జూన్ 8, శనివారం

ఎమిల్,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి ఫోన్ చేసి నా మీద విసుక్కునేవాడివి. నా మోకాలు మాత్రం నా మాట వినడం మానేసింది. బడికి సెలవులిచ్చారు కాబట్టి అక్కడి వంటగదిలో నిలబడే బాధ తప్పింది, బతికిపోయాను.

ఇప్పుడు చెప్పబోయేది కూర్చుని చదువు. నిన్న పోస్టులో నాన్నకి ఉత్తరం వచ్చింది. అవును, మన నాన్నకే. పోయి పద్దెనిమిదేళ్లు కావస్తున్న ఆండ్రూ హుడాక్‌కి. కవరు మీద చేతిరాత నీది. ఆ వంకర అక్షరాలు నేను గుర్తుపట్టనా? గుమ్మంలోనే కూర్చుని కవరు అటూ ఇటూ తిప్పి చూశాను. పాత పదిహేను సెంట్ల స్టాంపు పక్కన ఎవరో కొత్త స్టాంపు అంటించారు. పోస్టు ముద్ర ఆర్కన్సా రాష్ట్రానిది.

కాసేపటికి గుర్తొచ్చింది. డెబ్భై ఎనిమిది జూలైలో హార్లన్ టీగ్ బంతులు వేయడానికి మన జట్టుకి వచ్చిన వారంలోనే నువ్వు అతని బొమ్మ ఉన్న బేస్‌బాల్ కార్డు అతనికే పంపావు, నాన్న కోసం సంతకం పెట్టి తిప్పి పంపమని. తిరుగు కవరు మీద స్టాంపు అంటించి, నాన్న పేరు నువ్వే రాసి లోపల పెట్టావు. ఆ వేసవంతా పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకి నాన్న ఆక్సిజన్ గొట్టం సర్దుకుని కిటికీ దగ్గరికి చేరేవాడు. ఏమీ రానప్పుడల్లా, "పాపం, తీరిక ఉండొద్దూ" అనేవాడు.

నిన్న సాయంత్రం ఆ కవరు చర్చి హాల్లో శుక్రవారం చేపల విందుకి పట్టుకెళ్లాను. పెద్ద పొరపాటు చేశాను. టీగ్ పేరు వినగానే బల్లలన్నీ రెండు జట్లుగా చీలిపోయాయి. మాంసం కొట్టు స్టాన్ ఫోర్కు పక్కన పెట్టి, "వాడా? వాడి చేతికి ఉప్పుడబ్బా ఇచ్చినా పక్కవాడి పళ్లెంలో పోస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. గ్రెచ్‌కోగారి విధవరాలు మాత్రం నవ్వలేదు. ఆ సెప్టెంబరులో వాళ్ల అబ్బాయి కాలు విరిగి ఆస్పత్రిలో ఉంటే, టీగ్ ఎవరికీ చెప్పకుండా వచ్చి ఒక పూటంతా పేకాట ఆడి, కావాలని ఓడిపోయి వెళ్లాడట. దానికి స్టాన్, ఓడిపోవడం కావాలని చేశాడని నమ్మకమేమిటి అన్నాడు. మళ్లీ నవ్వులు. తొమ్మిదో నంబరు బస్సు నడిపిన పాత డ్రైవర్ అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. టీగ్ రోజూ ఆ బస్సులోనే ఆటకి వెళ్లేవాడట. సెప్టెంబరు వచ్చేసరికి జనం నిలబడైనా వెళ్లేవాళ్లు గానీ అతని పక్క సీట్లో కూర్చునేవాళ్లు కాదట.

కవరు నేను తెరవలేదు. పేరు నాన్నది, రాత నీది. తెరవమంటావా?

మీ అక్క,
వెరా


టల్సా, ఓక్లహోమా
జూన్ 15

అక్కకి,

తెరవొద్దు. పొయ్యిలో పడెయ్.

దాన్ని ఊరేగించి అందరి చేతా టీగ్ పురాణం చెప్పించావు చూడు, నీకొక దండం. గ్రెచ్‌కోగారి అబ్బాయితో పేకాడితే సరిపోయిందా? ఆరు ఆటల ఆధిక్యంతో మొదటి స్థానంలో ఉన్నాం ఆ జూలైలో. మన వీధిలో పుట్టి, మన చర్చిలో పాడి, మన జట్టుకి ఆడుతున్న రూడీ వ్రాబెల్‌ని తీసుకెళ్లి వేరే ఊరికిచ్చి, బదులుగా ఈ ముసలి బౌలర్ని తెచ్చారు. ఏదో ఒకప్పుడు ఏడాదికి ఇరవై ఆటలు గెలిచాడట. మనకి గెలిచినవి రెండు, పోగొట్టినవి తొమ్మిది. రూడీ అక్కడ ఛాంపియన్ అయ్యాడు. మనవాళ్లు ఆ ఏడాది నుంచి తలెత్తుకోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు కూడా ఊళ్లో సగం మంది టీగ్‌నే తిట్టారు, అది నువ్వూ విన్నావు.

అవన్నీ మర్చిపోయేవాడినేమో. ఆ సీజన్ ఆఖరి ఆదివారం మాత్రం మర్చిపోను. నాన్న తన టికెట్ నా చేతిలో పెట్టి, "నువ్వు చూడు, నేను రేడియోలో వింటాను" అన్నాడు. నేను చెక్కబల్లల గ్యాలరీలో కూర్చున్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమానం. మూడు బేసుల్లోనూ అవతలివాళ్లు నిలబడి ఉన్నారు. వాడు వరసగా నాలుగు చెడ్డ బంతులు వేసి, అందర్నీ ఊరికే ఒక్కో బేసు ముందుకి నడిపించి, గెలుపు పరుగు వాళ్ల చేతిలో పెట్టాడు. బ్యాట్ కదల్చాల్సిన పని కూడా లేకుండా. నాన్న చెవిన పడ్డ ఆఖరి సంగతి అదీ. నేను ఇంటికొచ్చేసరికి దుప్పటి కప్పేసి ఉంది.

నాన్న స్కోరు పుస్తకం నా సొరుగులోనే ఉంది. ప్రతి అక్టోబరులో ఒకసారి ఆ పేజీ తీసి చూస్తాను. చివరి గడిలో ఆ పరుగు గుర్తు, పెన్సిలు గట్టిగా నొక్కి రాసినట్టుంటుంది. ప్రాణం పోతూ కూడా స్కోరు వేశాడు మన నాన్న. అది చూశాక టీగ్ సంతకం ఏం చేసుకోను?

నీకు మొదటినుంచీ వాడంటే జాలి. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేదా వదిలెయ్.

మోకాలికి డాక్టర్‌కి చూపించుకో.

ఎమిల్


లేక్‌పోర్ట్
జూన్ 24

ఎమిల్,

తిట్టుకో. తెరిచాను.

నువ్వు పొయ్యిలో వెయ్యమన్నావు, నేను పొయ్యి దాకా వెళ్లాను కూడా. నాన్న ఒక వేసవంతా దీనికోసం కిటికీ దగ్గర కూర్చున్నాడని గుర్తొచ్చి చెయ్యి రాలేదు.

లోపల కార్డు ఉంది. సంతకం వంకరటింకరగా, చిన్నపిల్లాడు పెట్టినట్టుంది. ఒక చీటీ కూడా ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"హుడాక్ గారికి, మీ కార్డు ఇంత ఆలస్యంగా పంపుతున్నందుకు మన్నించండి. మీరు లేరని ఆ అక్టోబరులోనే మీ అబ్బాయి రెండో ఉత్తరంలో రాశాడు. అయినా ఈ కవరు మీ పేరు మీదే ఉంది, ఇంకెవరికీ పంపడం సబబనిపించలేదు. ఆ రోజు నా చెయ్యి భుజం పైకి లేవడం లేదు. చెప్పి దిగిపోవాల్సింది. ఎనిమిది ఇన్నింగ్స్ నెట్టుకొచ్చాను కదా, ఇంకొక్కటే అనుకున్నాను. మీరు విన్న ఆఖరి బంతి అలాంటిది కావడం నా తప్పే. ఆ మాట మర్చిపోయిన రోజు లేదు. ఇట్లు, హార్లన్ టీగ్."

రెండో ఉత్తరం ఏమిటి ఎమిల్? కార్డు పంపినప్పుడు ఒక్కటే కదా రాశావు. అక్టోబరులో నువ్వు అతనికి రాశావని నాకెప్పుడూ చెప్పలేదు. ఏం రాశావు?

దీనికి వెంటనే జవాబు రాయి. మిగతా కబుర్లు తర్వాత.

వెరా


టల్సా
జూలై 2

అక్కకి,

రాశాను. దాచాల్సిందేమీ లేదు, నువ్వు అడగలేదు కాబట్టి చెప్పలేదు.

నాన్నని పాతిపెట్టి వచ్చిన మర్నాడు, జట్టు ఆఫీసు చిరునామాకి రాశాను. ఇంచుమించు నాకు నోటికొచ్చు. "మా నాన్న మంచం మీద ఉండి, నీ ప్రతి బంతికీ తన పుస్తకంలో గుర్తు వేశాడు. నువ్వు చివరి పరుగు ఊరికే ఇచ్చేసిన క్షణంలో ఆయన ఊపిరి ఆగింది. ఫ్యాక్టరీ బొగ్గు పొగ ముప్ఫై ఏళ్లలో చెయ్యలేని పని నువ్వు నాలుగు బంతుల్లో చేశావు. ఇది నువ్వు చచ్చేదాకా గుర్తుపెట్టుకో." అంతే. పేరు, చిరునామా కింద రాశాను. పిరికివాడిలా పేరు లేకుండా రాయలేదు.

ఇరవై ఆరేళ్లవాణ్ణి అప్పుడు. ఇప్పుడైతే అంత ఘాటుగా రాయనేమో. కానీ అందులో అబద్ధం ఒక్కటి చూపించు. చివరిదాకా విన్నాడా అని నేనడిగితే, విన్నాడు అని చెప్పింది నువ్వే.

గుర్తుపెట్టుకున్నాడంటే సంతోషమే. నాకు మాత్రం మరుపొచ్చిందా?

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. విమానాల షెడ్డులో రేకుల కింద పని, సాయంత్రానికి చొక్కా పిండుకోవచ్చు.

ఎమిల్


లేక్‌పోర్ట్
జూలై 9

ఎమిల్, నా తండ్రీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నీ సొరుగులోంచి నాన్న పుస్తకం తియ్యి. ఆ ఆఖరి పేజీ తెరువు. ఆరో ఇన్నింగ్స్ దాకా ఉన్నది నాన్న రాత. ఆ తర్వాత ఉన్నదంతా నాది.

నాన్న ఆరో ఇన్నింగ్స్ అయిపోగానే పోయాడు. మూడు కూడా కాలేదు. టీగ్ వరసగా ముగ్గుర్ని అవుట్ చేశాడు. మనం రెండు, వాళ్లు ఒకటి. నాన్న మూడో గుర్తు వేసి, "వీడు బాగా వేస్తున్నాడే, నేనన్నానా లేదా" అన్నాడు. నవ్వు మొహంతోనే పెన్సిలు పడిపోయింది. వంగి తీసి ఇవ్వబోయాను. అప్పటికే అయిపోయింది.

డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయనా ఆటలోనే ఉన్నాడు, ఊరంతా అక్కడే కదా. ఆయన వచ్చి చూసేసరికి అయిదున్నర అయింది, కాగితం మీద అదే సమయం వేశాడు. స్టేడియానికి ఫోన్ చేసి నీ పేరు మైకులో పిలిపించొచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ పొద్దున్నే నాన్న నా చెయ్యి పట్టుకుని చెప్పాడు, "ఏమైనా సరే, ఆట మధ్యలో వాణ్ణి లేపకు. నా బదులు వాడు చూస్తున్నాడు" అని. ఫోన్ పెట్టేశాను.

రేడియో కట్టెయ్యడానికి కూడా లేవలేకపోయాను. నాన్న పక్కన కూర్చుని, ఆ పెన్సిలు తీసుకుని, మిగతా మూడు ఇన్నింగ్స్ స్కోరు వేశాను. గుర్తులన్నీ నాకు నేర్పింది ఆయనే కదా. ఆయన చెయ్యిలాగే రాశాను. సగంలో ఆగిన పేజీ నువ్వు చూస్తే, "నాన్న పోతుంటే నేను అక్కడ వేరుశెనక్కాయలు తింటూ అరుస్తున్నాను" అని జన్మంతా కుమిలిపోతావని భయం. అందుకే నువ్వు వచ్చి పుస్తకం చూసి, "చివరిదాకా విన్నాడా?" అంటే, "విన్నాడు" అన్నాను. ఒక్క మాట. దానికి నువ్వు ఇంత కథ అల్లుకుంటావని నాకు తెలియదు. అల్లుకున్నాక కూడా, ఎవరో బయటివాణ్ణి తిట్టుకుంటే నీ గుండె తేలికపడుతుందిలే అని ఊరుకున్నాను. అతను కూడా మనిషేనన్నది మర్చిపోయాను. ఆ ఉత్తరం సంగతి తెలిసుంటే ఆనాడే చెప్పేదాన్ని. చెప్పేదాన్నని అనుకుంటున్నాను.

టీగ్ మీద నాకెందుకు జాలి అని అడిగావు. ఇందుకు.

ఇంకా ఉంది. చీటీ వెనక ఫోన్ నంబరుంటే మొన్న చేశాను. కూతురు ఎత్తింది, నోరీన్ అట పేరు. అతనికి కాలేయం పూర్తిగా పాడైంది, డాక్టర్లు వారాల మాటే చెప్తున్నారు. ఆ సీజన్లో అతను జవాబివ్వని అభిమానుల కవర్లు ఒక పెట్టెనిండా ఉన్నాయట. జబ్బు తెలిసినప్పటినుంచి రోజుకొకటి తీసి, సంతకం పెట్టి పంపుతున్నాడట. నాన్నది అన్నిటికన్నా ఆఖర్న తీశాడట. హుడాక్ అనగానే ఆ పిల్ల గొంతు మారింది. "మీ నాన్నగారి గురించి మా నాన్న ఇప్పటికీ కలవరిస్తాడండీ" అంది. ఏదో గొణిగి పెట్టేశాను.

నేనే అతనికి రాసేస్తాను. కానీ నీకు తెలియకముందే బయటివాడికి చెప్పడం న్యాయం కాదని ఆగాను. నువ్వు సరే అను, ఆ రోజే రాస్తాను. ఇంకా మంచి మాట చెప్పనా, నువ్వే వెళ్లు. టల్సా నుంచి ఆ ఊరు కార్లో నాలుగు గంటలే. ఆ ఉత్తరం రాసిన చేత్తోనే చెప్పాలి ఎమిల్.

నన్ను తర్వాత ఎన్నైనా అను.

వెరా


టల్సా
జూలై 15

వెరా,

పేజీ చూశాను.

నాకు రాయకు. అతనికీ రాయకు, ఫోనూ చెయ్యకు. నా పేరు పెట్టి రాసిన ఉత్తరానికి జవాబు నేను చెప్పుకుంటాను, నాకు చెప్పాలనిపించినప్పుడు. పద్దెనిమిదేళ్లు నోరు మూసుకున్నదానివి ఇంకొన్నాళ్లు మూసుకో.

ఎమిల్


లేక్‌పోర్ట్
ఆగస్టు 5

ఎమిల్,

మూడు వారాలు నీ మాట విన్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. షెడ్డుకి చేస్తే పనిలో ఉన్నాడంటున్నారు.

నువ్వన్న ప్రతి మాటా నాకు తగినదే. నోరు మూసుకో అన్నావు, అది కూడా. కానీ నువ్వు ఇప్పుడు మూసిపెట్టింది నా నోరు కాదు. అక్కడొక మనిషి చెయ్యని హత్య నెత్తిన వేసుకుని మంచం మీద పడున్నాడు. నా మీద కోపం నా మీదే తీర్చుకో. నన్ను చూడటానికి ఎప్పటికీ రాకపోయినా పడతాను.

శనివారం దాకా చూస్తాను. నువ్వు వెళ్లకపోతే నేనే నోరీన్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పేస్తాను.

వెరా


టల్సా
ఆగస్టు 13

అక్కా,

నీ ఉత్తరం గురువారం అందింది. శుక్రవారం పొద్దున్నే సెలవు పెట్టి బయల్దేరాను. పుస్తకం పక్క సీట్లో పెట్టుకున్నాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లాను, రెండుసార్లు రోడ్డు పక్కన ఆపాను కూడా.

ఇల్లు కనుక్కునేసరికి పదకొండు దాటింది. వాకిట్లో నాలుగైదు కార్లున్నాయి. నల్లబట్టల్లో ఆడవాళ్లు మూతలేసిన గిన్నెలు లోపలికి మోస్తున్నారు. కారు దిగకముందే అర్థమైంది. మంగళవారం రాత్రి పోయాడు. అప్పుడే పాతిపెట్టి వస్తున్నారు.

వెనక్కి తిప్పేద్దామనుకున్నాను. ఈలోగా నోరీన్ మెట్ల మీద నన్ను చూసింది. పేరు చెప్పాను. పొమ్మంటుందేమో అనుకున్నాను, పొమ్మంటే బాగుండేది. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నలభై లోపే ఉంటుంది, కళ్ల కింద నల్లగా ఉంది. నేను చెప్పాల్సింది చెప్పేశాను. నాన్న ఎప్పుడు పోయిందీ, ఎలా పోయిందీ, ఆఖరికి ఏమన్నదీ. నిన్ను తప్పించి చెప్పలేదు, నన్ను కూడా తప్పించి చెప్పలేదు. పుస్తకం తెరిచి ఆరు ఇన్నింగ్స్ గుర్తులు ఒక్కొక్కటీ చదివి వినిపించాను.

ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుంది. "అయితే మీ నాన్న పోయినప్పుడు మా నాన్నే గెలుస్తున్నాడు" అంది. అవునన్నాను. ఇది మీకు ఎప్పుడు తెలిసిందని అడిగింది. జూలై మధ్యలో అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను అక్కా. ఆమె లేచి వెళ్లి కుళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

ఆ రెండో ఉత్తరం తిరిగి ఇమ్మని అడిగాను. లేదంది. దాన్ని ఆయన కోటు జేబులో పెట్టి పాతిపెట్టారట, ఆయనే అలా పెట్టమన్నాడట. ఎందుకని అడిగాను. "ఆ పెట్టెలో ఉన్నవాటన్నిటికీ జవాబు పంపాడు. ఆ ఒక్కదానికే పంపలేకపోయాడు. అందులో తిరుగు కవరు లేదు" అంది.

బల్ల మీద ఎవరో పిల్లలు వదిలేసిన రబ్బరుంది. ఏడో ఇన్నింగ్స్ నుంచి నువ్వు రాసిందంతా అక్కడే కూర్చుని చెరిపేశాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మనవాడు నేల మీద పడి పట్టిన క్యాచ్ గుర్తుందా? నా కళ్ల ముందే పట్టాడు. మంచి ఆట పక్కన నాన్న ఎప్పుడూ చిన్న చుక్క పెట్టేవాడు. ఆ గడిలో చుక్క లేదు. పద్దెనిమిదేళ్లు ఆ పేజీ చూశాను, అది కనిపించలేదు నాకు. చూడదలుచుకోలేదేమో.

పెన్సిలు పోయింది గానీ అచ్చు పోలేదు. నీది గట్టి చెయ్యి. కాగితం వెలుతురుకి పెడితే ఆ నాలుగు బంతులూ అలాగే కనిపిస్తున్నాయి. నోరీన్ వాటిని వేలితో తడిమి చూసింది. పుస్తకం ఆమె దగ్గరే వదిలేసి వచ్చాను. వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు.

నువ్వు పద్దెనిమిదేళ్లు దాచావు, నన్ను కాపాడాలని. నేను మూడు వారాలు దాచాను, ఒట్టి కోపంతో. ఆ మూడు వారాల్లో ఆయన బతికే ఉన్నాడు. నీ మీద కోపం ఇంకా పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. కానీ నిన్ను అనడానికి ఇప్పుడు నాకు నోరు లేదు.

నువ్వు నాకు రాయడానికి జంకుతావని తెలుసు. అందుకే ఇందులో ఒక కవరు పెడుతున్నాను. స్టాంపు అంటించాను, పేరూ చిరునామా నేనే రాశాను. ఏం రాస్తావో నీ ఇష్టం. ఆలస్యం మాత్రం చెయ్యకు.

తమ్ముడు,
ఎమిల్